చదివింపుల పుస్తకం



శ్రావణమాసంలో ఓ సాయంత్రం హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో ఒక్క పది నిమిషాలు నిలబడి చూడండి. జనం నిలబడనిస్తేనే అనుకోండి. గాజుల దుకాణం ముందు గుంపు, చీరల దుకాణం మెట్ల మీద చెప్పుల గుట్ట, ఆ సందులోంచే దూరిపోవాలని చూసే స్కూటరు. వీటన్నిటి మధ్య చేతిలో చీటీ పట్టుకున్న ఓ తల్లి కనిపిస్తుంది. ఆ వెనకాలే మ్యాచింగ్ బ్లౌజు గుడ్డ కోసం నాలుగో షాపు ఎక్కుతున్న పెళ్లికూతురు. ఆ చీటీలో ఏముంటుందో నాకు తెలుసు. పసుపు కొమ్ములు, జీలకర్ర, బెల్లం, తెరసెల్లా, మధుపర్కాలు, మెట్టెలు, కొబ్బరి బొండాం. మా ఇంట్లో నాలుగు పెళ్లిళ్లకు చీటీ రాసింది నేనే. ఆ నాలుగింటిలో ఒక్కదాంట్లోనూ 'రిజిస్ట్రారు ఆఫీసు' అన్న మాట లేదు. రాయాలని తోచనేలేదు.

తోచేలా చేసింది మా పిన్ని.

పోయిన కార్తీకంలో బాబాయి పోయాడు. ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు పట్టుకుని నేనూ పిన్నీ ఓ ఆఫీసుకు వెళ్లాం. కౌంటరు దగ్గర అమ్మాయి కాగితాలు తిరగేసి, "సర్వీసు రిజిస్టరులో భార్య పేరు ఒకటుంది, ఆధార్‌లో ఇంకొకటుంది. ఇద్దరూ ఒకరేనా?" అంది. ఒకరే. విషయమేమిటంటే, పిన్ని పేరూ వాళ్ల అత్తగారి పేరూ ఒక్కటే. కోడల్ని ఆ పేరుతో కేకేస్తే అత్తగారిని కేకేసినట్టుంటుందని, కాపురానికి వచ్చిన రోజునే ఆవిడకు ఇంకో పేరు పెట్టేశారు. బాబాయి ఆఫీసులో ఆ పేరే రాయించాడు. పుట్టింటి పేరు స్కూలు సర్టిఫికెట్‌లో ఉండిపోయి, అక్కణ్నుంచి ఆధార్‌లోకి వచ్చింది. యాభై ఏళ్లు ఆ రెండు పేర్లూ ఒకదానికొకటి తగలకుండా బతికాయి. మనిషి పోయాక ఎదురుపడ్డాయి.

"మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే ఇవ్వండి, సరిపోతుంది" అంది ఆ అమ్మాయి. మర్యాదగానే అంది.

పిన్ని నా వైపు తిరిగి, "పెళ్లయిందనడానికి కాగితమేమిట్రా? మీ అమ్మే కదా నాకు జడ వేసింది" అంది.

జడ వేసిన మా అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది.

ఎప్పుడో రిజిస్టరు చేయించినట్టు బాబాయి ఓసారి అన్నాడని పిన్నికి లీలగా గుర్తు. సరే, వెతికిద్దామని నగరంలోని ఓ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాం. బయట చెట్టు కింద బల్ల వేసుక్కూర్చున్న డాక్యుమెంటు రైటరు మా గోడు విని, "ఏ సాలమ్మా?" అన్నాడు. పిన్ని తడుముకోకుండా, "ఆనందనామ సంవత్సరం, వైశాఖమాసం" అంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను వేళ్ల మీద లెక్కేసి చెప్పాను, 1974 అని. "గట్ల చెప్పుండ్రి. సాలు లేకుంటె బుక్కు దొర్కది" అన్నాడాయన.

అంతకుముందు నాకు తెలియని సంగతి ఆయన మాటలోనే ఉంది. పొలమో ప్లాటో అయితే సర్వే నంబరు చెప్పి ఈసీ తీయించవచ్చు. ఫలానా భూమి ఎవరి చేతినుంచి ఎవరి చేతికి మారిందో వరసగా వచ్చేస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ శాఖ 1998లో కంప్యూటర్లలోకి వెళ్లినప్పుడు ముందు ఎక్కించింది భూముల లెక్కలే. పెళ్లికి సర్వే నంబరు లేదు. ఏ ఆఫీసు, ఏ సంవత్సరం, ఏ చట్టం కింద, ఈ మూడూ తెలిస్తే పుస్తకం తీస్తారు. పాతవన్నీ చేత్తో రాసిన రిజిస్టర్లే. భూమికున్న జాతకం పెళ్లికి లేకపోవడం నాకైతే వింతగానే అనిపించింది. మనకు దేని మీద మమకారం ఎక్కువో దానికి లెక్క బాగా రాసుకున్నాం కాబోలు.

చట్టం మాట వచ్చింది కనుక అదేమిటో చూద్దాం. 1955 హిందూ వివాహ చట్టంలో ఎనిమిదో సెక్షను రిజిస్ట్రేషన్ గురించి. దాని కింద ఉమ్మడి రాష్ట్రంలో 1965లో నియమాలు వచ్చాయి. పెళ్లి మామూలుగా పంతులుగారే చేస్తారు. ఆ తర్వాత దంపతులిద్దరూ సాక్షులతో వెళ్లి, శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసుకూ చిరునామాకూ రుజువులు పెట్టి పుస్తకంలోకి ఎక్కించుకుంటారు. ఎక్కించనంత మాత్రాన పెళ్లి చెల్లకపోదని ఆ సెక్షనులోనే ఉంది. ఆ రిజిస్టరు రహస్యమేమీ కాదు. పని వేళల్లో ఎవరైనా చూడవచ్చు, ఫీజు కట్టి నకలు అడగవచ్చు. ఈ హక్కు మనకుందని చాలామందికి తెలియదు. గుమాస్తాను బతిమాలుకోవాలనుకుంటారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే అన్ని మతాల పెళ్లిళ్లకూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చారు. దేశమంతటా అలాగే చెయ్యాలని సుప్రీంకోర్టు 2006 ఫిబ్రవరి 14న చెప్పింది. తారీఖు చూసి నవ్వుకోకండి, కోర్టువారు కావాలని ఎంచుకుని ఉండరు. దీనికి తిరగేసిన సంగతీ ఒకటుంది. కాగితం పుట్టి పెళ్లి జరగకపోతే? పైలట్లయిన ఓ అమ్మాయీ అబ్బాయీ పెళ్లి తంతు జరక్కుండానే సర్టిఫికెట్ తీసుకున్నారు. తర్వాత ఇద్దరికీ చెడి కోర్టుకెక్కితే, తంతు జరగనప్పుడు కాగితం ఒక్కటే పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పాపం పిన్నిది సరిగ్గా ఎదురు కేసు. ఏడడుగులూ నడిచింది, కాగితమే లేదు.

అమెరికాలో వ్యవహారం వేరు. అక్కడ పెళ్లికి ముందే లైసెన్సు కావాలి. మా దూరపు బంధువుల అబ్బాయి పెళ్లి టెక్సస్‌లో జరిగింది. అమ్మాయీ అబ్బాయీ కౌంటీ క్లర్కు ఆఫీసుకు వెళ్లి లైసెన్సు తెచ్చుకున్నారు. ఆ రాష్ట్రంలో అది చేతికొచ్చాక 72 గంటలు ఆగాలి, 90 రోజుల లోపల పెళ్లి చేసుకోవాలి, లేకపోతే మురిగిపోతుంది. ముహూర్తం పంచాంగం ప్రకారం, గడువు కౌంటీ ప్రకారం. రెంటినీ కుదర్చడానికి అబ్బాయి తండ్రి ఇక్కణ్నుంచి ఫోన్లో పడ్డ పాట్లు ఇంకో ప్రసంగానికి సరిపోతాయి. పెళ్లినాడు పీటల మీద కూర్చోగానే పంతులుగారు మాంగల్యం కన్నా ముందు ఆ కాగితం ఎక్కడుందని అడిగారట. పెళ్లి చేసినవాడిగా దాని మీద సంతకం పెట్టాల్సింది ఆయనే మరి. అది తిరిగి క్లర్కు దగ్గరికి చేరితే రికార్డయిపోతుంది. చిన్న పల్లెటూరి కౌంటీ అయినా అంతే. పెళ్లి చేసినవాడి చేతే రాయించడం నాకు నచ్చిన పద్ధతి.

ఇక్కడా ఆ పద్ధతి ఉంది, మన ఇళ్లల్లో లేదంతే. మా వీధి చివర కుట్టు మిషను పెట్టుకున్న పెద్దాయన తన సియాహనామా చూపించాడు. మెహర్ ఎంత, వకీలు ఎవరు, సాక్షులు ఎవరు, అంతా ఖాజీ చేతిరాతలో ఉంది. అది పోయినా నాంపల్లి వక్ఫ్ బోర్డుకు వెళ్లి సర్టిఫికెట్ అడగవచ్చు. చర్చిలో పెళ్లయితే 1872 చట్టం ప్రకారం పాస్టరుగారు రిజిస్టరులో రాసి తీరాలి. మన పంతులుగారు దక్షిణ, పంచెల చాపు, బియ్యం మూట తీసుకుని వెళతారు. ఖాజీగారు పుస్తకం పట్టుకుని వస్తారు. అదీ తేడా.

అశోక్‌నగర్ పిల్లల సంగతి కూడా చెప్పాలి. గ్రూప్స్ పరీక్షలకని జిల్లాలనుంచి వచ్చి, పొద్దున కోచింగూ పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకుని చదువుకునే పిల్లలు. ఒకే బల్ల మీద పుస్తకాలు పరుచుకున్నవాళ్లలో కొందరు ఒకరినొకరు ఇష్టపడతారు. కులం వేరు, ఒక్కోసారి మతం వేరు. వాళ్ల దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసిచ్చాక దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. 30 రోజులు అభ్యంతరాల కోసం ఆగుతారు. ఆపైన ముగ్గురు సాక్షులతో పెళ్లి. నోటీసిచ్చిన దగ్గర్నుంచి మూడు నెలల్లో కాకపోతే మళ్లీ మొదటికి. ఇక్కడో మెలిక ఉంది. సొంతూరు వేరే జిల్లా అయితే నోటీసు నకలు ఆ జిల్లాకూ వెళుతుంది, అక్కడా గోడకెక్కుతుంది. ఎవరి కంట పడకూడదని నగరానికి వచ్చారో వాళ్ల కళ్ల ముందుకే. లైబ్రరీలో రెండేళ్లు గుసగుసగా నడిచిన కథ నోటీసు బోర్డెక్కే రోజు అది. ఎవరో రెండో పెళ్లి దాచకుండా ఉండేందుకు పెట్టిన నిబంధన, ఇష్టపడ్డ పిల్లల మీదికి ఊళ్లోవాళ్లను ఉసిగొల్పడానికీ పనికొస్తోంది. నన్నడిగితే ఆ గోడ నోటీసు అక్కర్లేదు.

అందుకే కాబోలు చాలామంది ఆర్యసమాజం వైపు నడుస్తారు. సుల్తాన్ బజార్ ఆర్యసమాజం నిన్నమొన్నటిది కాదు, 1892లో పెట్టింది. కులాలు వేరైన ఆర్యసమాజీకుల పెళ్లిళ్లు చెల్లుతాయని 1937లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. హోమం, ఏడడుగులు, సర్టిఫికెట్, అన్నీ ఒక పూటలో అయిపోతాయి. అయితే ఆ సర్టిఫికెట్ పెళ్లి జరిగిందనడానికి ఆధారం. ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కడం వేరే పని. అది కూడా అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోతారు పిల్లలు.

ఈ తిప్పలు ఇప్పటివి మాత్రమే కావు. హైదరాబాద్ అమ్మాయి సరోజిని, తెలుగు డాక్టరు గోవిందరాజులు నాయుడు పెళ్లాడాలనుకున్నారు. ఆవిడ బెంగాలీ బ్రాహ్మణుల పిల్ల, ఆయన కులం వేరు, భాష వేరు. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో 1872 నాటి సివిల్ వివాహ చట్టం ఉంది, నిజాం రాజ్యంలో లేదు. ఇక్కడా అది రావాలని ఆవిడ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ గట్టిగా ప్రయత్నించారు. పెళ్లి మాత్రం 1898 డిసెంబరు 2న మద్రాసులో జరిగింది. దగ్గరుండి చేయించింది ఎవరనుకున్నారు? కందుకూరి వీరేశలింగం పంతులుగారు. ఆ చట్టం కింద పెళ్లాడాలంటే, నేను హిందువును కాను, ముస్లిమును కాను, క్రైస్తవుణ్ని కాను అంటూ వరసగా మతాలన్నీ కాదని ప్రకటన చెయ్యాలి. అంత కాదంటే తప్ప అవునని రాసుకోని పుస్తకం అది. హిందువులూ బౌద్ధులూ సిక్కులూ జైనులూ ఆ మాట అనక్కర్లేకుండా 1923లో సవరించారు. ఇప్పటి 1954 చట్టంలో ఎవరూ ఏ మతాన్నీ వదులుకోనక్కర్లేదు.

ఇంకా వెనక్కి వెళితే సుల్తాన్ బజార్ పక్కనే మరో పెళ్లి ఉంది. కోఠీ మహిళా కళాశాలగా నడిచిన భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. దాని చుట్టూ ఉన్న బజార్లను రెసిడెన్సీ బజార్లనేవారు. 1933 దాకా అవి ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోనే ఉన్నాయి. ఆ రెసిడెన్సీ కట్టించిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా బేగంను పెళ్లాడాడు. చాటుగా జరిగిన నిఖా. ఈస్టిండియా కంపెనీవారికి కోపం వచ్చింది. అసలేం జరిగిందో తేల్చమని 1801లో మద్రాసులో విచారణ పెట్టి, హైదరాబాద్‌లో పనిచేసిన అధికారులను పిలిచి ప్రమాణం చేయించి అడిగారు. అంత హోదా ఉన్న రెసిడెంటు పెళ్లి సంగతి కూడా చివరికి ఇతరుల సాక్ష్యం మీదే ఆధారపడింది. పిన్నిని కౌంటరు దగ్గర అడిగినదానికీ దీనికీ పెద్ద తేడా నాకు కనపడలేదు, ప్రమాణం చేయించలేదంతే.

ఇంతలో నన్ను కాస్త ఉడికించిన సంగతి చెప్పాలి. కంపెనీ రోజులనుంచీ చర్చి పాదరీలు తాము చేసిన పెళ్లిళ్ల జాబితాకు నకళ్లు రాసి పంపితే, అవి లండన్ దాకా వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, సూచికలతో సహా. సికింద్రాబాద్ కంటోన్మెంటులో నూటయాభై ఏళ్ల కింద పెళ్లాడిన సోల్జరు మునిమనవడు ఇంట్లో కూర్చుని ముత్తాత పెళ్లి తారీఖు పట్టుకోగలడు. సుల్తాన్ బజార్ వెనక సందులో, ఇంటి ముందు పందిట్లో, వీధి వీధంతా భోంచేసిన పిన్ని పెళ్లి 1974 నాటిది, దొరకదు. ఆ పాదరీలు గొప్పవాళ్లని కాదు. రాసిందానికి రెండో ప్రతి తీశారు, పేర్లవారీ పట్టిక వేశారు. అంతే.

పిన్ని పెళ్లి దొరకలేదన్నాను కదా. రెండు సంవత్సరాల రిజిస్టర్లు తీయించాం. ఎర్ర కాలికో అట్ట, అంచులు చిరిగి దారాలు వేలాడుతున్నాయి. నీలం సిరా ఊదా రంగుకు తిరిగింది. ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు జరిగుంటాయి ఈ ఊళ్లో! పుస్తకం చూస్తే పలచగా ఉంది. అప్పట్లో పాస్‌పోర్టు అవసరమైనవాళ్లు తప్ప ఎవరూ వచ్చినట్టు లేరు. బాబాయి పేరు లేదు.

"పోనీ ఇప్పుడు చేయించుకోవచ్చా?" అని అడిగాను. ఎన్నేళ్ల కిందటి పెళ్లయినా చేస్తారు. కానీ ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి. ఒకరు పోతే ఆ తలుపు మూసుకున్నట్టే. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే బాబాయి రిటైరైన రోజునే రెక్క పట్టుకుని తీసుకెళ్లేవాణ్ని. మీ ఇంట్లో డెబ్భై దాటిన జంట ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక కాదు, ఇప్పుడే రేడియో గొంతు కాస్త తగ్గించి అడగండి.

తలుపు మూసుకున్నా కిటికీలున్నాయన్నాడు మా వకీలు. రేషన్ కార్డు, ఓటర్ల జాబితా, పిల్లల టీసీల్లో తల్లి పేరు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. అన్నిటికీ పైన, ఏళ్ల తరబడి భార్యాభర్తలుగా బతికారని నలుగురూ ఎరిగి ఉంటే, కాదన్నవాడే రుజువు చెయ్యాలని కోర్టులు చాలాకాలంగా అంటున్నాయి. 1978లో ఇలాంటి వ్యవహారమే వస్తే జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్ ఒక్క పేజీలో తేల్చేశారు. అర్ధశతాబ్దం కాపురం చేసినవాళ్లను ఇప్పుడు పెళ్లి చూసిన సాక్షులను తెమ్మంటే ఎంతమంది తేగలరన్నది ఆయన అడిగినదాని సారాంశం. వకీలు అది చదివి వినిపిస్తే పిన్ని, "ఆయనెవరో బుద్ధిమంతుడు" అంది. కోర్టు దాకా ఎందుకు, పెళ్లి చూసినవాళ్లు ఇద్దరు నోటరీ ముందు చెబితే సరిపోవచ్చన్నాడు వకీలు. చూసినవాళ్లు ఎవరున్నారు?

అప్పుడు అటక మీది ట్రంకు పెట్టె దించాం. పట్టుచీర ఒకటి మడతల్లో చీలిపోయి ఉంది. దాని కింద ఓ పొడుగాటి నోటుపుస్తకం. మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆనందనామ సంవత్సర వైశాఖం, ఇంగ్లీషు తారీఖు, పెళ్లి జరిగిన ఇంటి నంబరు, వరుడి పేరు, వధువు పేరు. పుట్టింటి పేరు! పక్కన బ్రాకెట్లో అత్తారిల్లు పెట్టిన పేరు కూడా. ఎవరు రాశారో, ఎందుకు రాశారో గానీ, ఆ బ్రాకెట్టుకు దణ్ణం పెట్టాలి.

చదివింపుల పుస్తకం అది. పెళ్లయ్యాక ఓ పెద్దాయన లేచి, ఫలానావారు వధూవరులకు చదివించిన కట్నం ఇంత అని గొంతెత్తి చదువుతుంటే, పక్కన ఒకరు కూర్చుని రాసుకునే పుస్తకం. వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తిరిగి ఇవ్వాలి కనుక ఎవరూ పారెయ్యరు. మేడ మీది వాటా లెక్కల మాస్టారు, స్టీలు టిఫిన్ క్యారియరు. బాబాయి ఆఫీసు స్టాఫు, గోడ గడియారం. పాలాయన, రెండు రూపాయలు. కోఠీ పాత పుస్తకాల కొట్టాయన, రామాయణం. మొత్తం నూట పన్నెండు పేర్లు. ఆదివారం మధ్యాహ్నం నేనూ పిన్నీ పెన్సిలు పట్టుకుని కూర్చున్నాం. ఉన్నవాళ్లకు టిక్కు పెట్టాలి. చదువుతూ చదువుతూ పిన్ని ఒక్కో పేరు దగ్గర ఆగిపోయేది. చివరికి ఏడు టిక్కులు తేలాయి. వాళ్లలో హైదరాబాద్‌లో ఉన్నది ముగ్గురు.

నారాయణగూడ సందులో రెండో అంతస్తు. లెక్కల మాస్టారికి చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు. నోటరీ కాగితం మీద సంతకం పెట్టేముందు, "నా లెక్క ఎక్కడుందో చదువు" అన్నారు. చదివాను. "ఎన్ని గిన్నెలది?" అన్నారు. మూడు గిన్నెలదని రాసుంది, సార్, అన్నాను.

"చూశావా! రెండు గిన్నెలది చాలంది మా ఆవిడ. నేనే మూడోది కూడా ఉండాలని పట్టుబట్టాను. ఉందా అమ్మా అది ఇంకా?"

"ఉంది మాస్టారూ. పై మూతే, సొట్ట పోయింది" అంది పిన్ని.

ఆయన కలం తీసుకుని, ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రెండు సంతకాలు పెట్టారు.